శుభం తర్వాత కూడా నడిచిన కథలు

మా మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం. సెలవులకి రాజమండ్రి వచ్చి, మేడమీద గదిలో ఫ్యాను కింద చేరి, ఫోన్‌లో ‘రివర్‌డేల్’ అనే అమెరికా సీరీస్ చూస్తోంది. చూడనీండి. పిల్ల కథ చూస్తుంటే అడ్డుపడే తాతని కాను నేను. నాకు ఒళ్ళు మండేది వేరేచోట. “ఏంటమ్మా ఆ కథ?” అని అడిగితే, “అబ్బే, ఏం లేదు తాతయ్యా, టైంపాస్. అసలు లాజిక్కే ఉండదు, చెత్త” అంటుంది. ఆ చెత్తనే అర్ధరాత్రి దాటేదాకా చూస్తుంది. కళ్ళు ఎర్రబడేదాకా చూసి, పొద్దున్న లేచి మళ్ళీ చెత్తే అంటుంది. వాళ్ళ స్నేహితురాళ్ళూ అంతేనట. అందరూ చూస్తారట, అందరూ వెక్కిరిస్తారట. ఇష్టమైనదాన్ని ఇష్టమని నోరారా చెప్పుకోలేని వయసా అది? మా రోజుల్లో ఇలా లేదు.

కూర్చోబెట్టి కథ చెప్పించుకున్నాను. ఏటి ఒడ్డున చిన్న ఊరు. జేసన్ అనే కుర్రాడు హత్య అవుతాడు. ఎవరు చంపారో హైస్కూలు పిల్లలు కలిసి పట్టుకుంటారు. చంపింది కన్నతండ్రే, మేపుల్ పాకం వ్యాపారం చాటున మత్తుమందు నడిపే పెద్దమనిషి. అక్కడికి మొదటి సీజన్ అయిపోయింది, హత్య గుట్టూ విడిపోయింది. 2017లో విడిపోయిన ఆ గుట్టు వెనకాల కథ 2023 దాకా ఏడు సీజన్లు, 137 ఎపిసోడ్లు నడిచింది. ముసుగు హంతకుడు వచ్చాడు. మూఢభక్తుల మఠం వచ్చింది, ఆ మఠాధిపతి రాకెట్టు ఎక్కి పారిపోబోయాడు. హీరో ఎలుగుబంటితో తలపడ్డాడు. తర్వాత మంత్రగత్తెలు, తోకచుక్క, ఆఖరికి అందరూ కాలంలో వెనక్కి వెళ్ళి 1955లో తేలడం. పిల్ల చెబుతుంటే కాఫీ చల్లారిపోయినా చూసుకోకుండా విన్నాను.

“ఇంత బాగుంటే చెత్త అంటావేంటే?” అన్నాను.

“కథ మొదటి సీజన్‌లోనే అయిపోయింది కదా తాతయ్యా. ఆ తర్వాతదంతా సాగదీయడమే” అంది.

కథ అయిపోయాక నడిచిన కథల మీదే పెరిగినవాణ్ణి నేను. ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

తోకచుక్క పేరు వినగానే నాకు దాసరి సుబ్రహ్మణ్యం గారు గుర్తొచ్చారు. 1954లో చందమామలో మొదలైన ఆయన సీరియల్ పేరు అదే. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, ఇలా మొత్తం పన్నెండు. పేర్లు చదివితేనే ఇప్పటికీ నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. యాభై ఏళ్ళకు పైగా చందమామలో పనిచేసిన ఆ మనిషి పేరు ఆ సీరియళ్ళ మీద అచ్చయ్యేది కాదు. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే తెలుగు పిల్లలంతా ఆయన వెనక నడిచారు. చిత్రాగారి బొమ్మలు ముందు చూసేసి, బొమ్మని బట్టి ఈ నెల ఏం జరగబోతోందో ఊహించుకుని, అప్పుడు చదవడం మొదలుపెట్టేవాళ్ళం. రాక్షసులు, మాంత్రికులు, కొండజాతుల వాళ్ళు, నెలకో గండం. అందులో లాజిక్ వెతకాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

ఆ సీరియళ్ళు మధ్యలో కొన్నేళ్ళు ఆగాయి. చందమామ నడిపిన చక్రపాణి గారికి బెంగాలీ సాహిత్యం మీద మక్కువ. దాసరివారి మాంత్రికుల స్థానంలో బంకించంద్రుడి దుర్గేశనందిని వచ్చింది. గొప్ప నవలే, కాదనను. కానీ పిల్లలకు కావలసింది అది కాదు. మళ్ళీ దాసరివారినే పిలవాల్సి వచ్చింది, పాతాళదుర్గం మొదలైంది. పిల్లలకేది కావాలో పిల్లలకే తెలుసు.

నేను హైస్కూల్లో ఉండగా రాతిరథం వచ్చింది. ఖడ్గవర్మ, జీవదత్తుడు అని ఇద్దరు మిత్రులు. వాళ్ళ సాహసాలు ఒక కొలిక్కి వచ్చి సీరియల్ అయిపోయిన నెల మా వీధిలో పిల్లలం దిగాలుగా తిరిగాం. తర్వాత యక్షపర్వతం మొదలైంది, తిప్పి చూస్తే మళ్ళీ ఖడ్గవర్మ, మళ్ళీ జీవదత్తుడు! ఆ రోజు మేము పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. అయిపోయిన కథని మళ్ళీ ఎందుకు లేపారని ఒక్కరం కూడా అడగలేదు. చచ్చిపోయారనుకున్న చుట్టాలు తిరిగొస్తే ఎందుకొచ్చారని ఎవరైనా అడుగుతారా?

ఇక బేతాళుడి సంగతి చెప్పాలి. సంస్కృతంలో ఆ కథలు ఇరవై అయిదు. ఆఖరి కథకు విక్రమార్కుడి దగ్గర జవాబు ఉండదు, నోరు మెదపడు. బేతాళుడు మెచ్చుకుని, శవాన్ని తెమ్మని రాజుని పంపిన భిక్షువు కుట్ర బయటపెడతాడు, రాజు వాణ్ణి సంహరిస్తాడు. అంతటితో సమాప్తం. కానీ చందమామలో ఆ శవం చెట్టు మీదికి ఎగిరిపోతూనే ఉంది, రాజు దింపుతూనే ఉన్నాడు, శంకర్ గారి బొమ్మలో కత్తి పట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. పాతికతో అయిపోవలసిన కథలు వందలు దాటాయి. మా నాన్న చదివారు, నేను చదివాను, మా అబ్బాయి చదివాడు. ఆ భిక్షువు శ్మశానంలో ఎదురుచూస్తూ ఎన్ని దశాబ్దాలు కూర్చున్నాడో! మా ఇంట్లో ఎవరమూ అది సాగదీత అనలేదు. ప్రతి నెలా ఆ ప్రశ్నకు జవాబు మేమే ముందు చెప్పాలని పోటీపడేవాళ్ళం, రాజుగారి జవాబు తర్వాత చూసుకునేవాళ్ళం.

పై తరగతుల్లోకి వచ్చాక డిటెక్టివ్ నవలలు పట్టుకున్నాయి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. టెంపోరావు, గిరిజశ్రీభగవాన్, ఇంకా ఎందరో. తర్వాత మధుబాబు షాడో దిగాడు, గంగారాం, శ్రీకర్, ముఖేష్‌లని వెంటేసుకుని. అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు లేని ఊరు గోదావరి జిల్లాల్లో ఉండేది కాదంటే నమ్మండి. కిళ్ళీ కొట్టు పక్కన బల్ల, దాని మీద బైండు చేసిన పుస్తకాలు, వెనక అట్టకి అతికించిన తేదీల కాగితం. రోజుకి పదిపైసలు. ఒకడు అద్దె కట్టేవాడు, అయిదారుగురం చదివేవాళ్ళం. చీకటి పడేలోపు వంతులు పూర్తి కావాలి కనుక కాలవ గట్టు మీద కూర్చుని ఒకడు గట్టిగా చదువుతుంటే మిగిలినవాళ్ళం వినేవాళ్ళం.

ఆ అద్దె పుస్తకాల్లో సగానికి చివరి పేజీలు ఉండేవి కావు. ఎంతోమంది చేతులు మారి చిరిగి రాలిపోయేవి. యుగంధర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, హంతకుడెవరో చెప్పబోయే సమయానికి పుస్తకం అయిపోయేది. అప్పుడు మేమే చెప్పుకునేవాళ్ళం. వంటవాడని ఒకడు, మేనల్లుడని ఒకడు, కాదు చచ్చినవాడు అసలు చావనే లేదని ఇంకొకడు. మర్నాడు బళ్ళో కూడా అదే గొడవ. నిజమైన ముగింపు తర్వాతెప్పుడో వేరే పుస్తకంలో చదివితే, మాదే బాగుందనిపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. మా తెలుగు ఆ గట్టు మీదే పదునెక్కింది. నేను తర్వాత తెలుగు మాస్టారినయ్యానంటే దానికి సగం కారణం ఆ చిరిగిన పేజీలు.

పెద్దవాళ్ళు తిట్టలేదా అంటే తిట్టారు. మా ముందు తరానికి కొవ్వలి వారి నవలలు. తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాశారు. రైలు ప్రయాణాల్లో, దిండ్ల కింద, బియ్యం డబ్బాల్లో దాచుకుని చదివారు ఆ తరం ఆడపిల్లలు. చదివితే చెడిపోతారన్నారు. ఎవరూ చెడిపోలేదు, చదవడం అలవాటు చేసుకున్నారు. మమ్మల్నీ అలాగే అన్నారు. మా నాన్న యుగంధర్ పుస్తకం లాక్కుని అటక మీద పడేశారు. వారం తిరక్కుండా అదే పుస్తకం ఆయన తలగడ దగ్గర కనిపించింది. తిట్టేవాళ్ళు బయట ఉండేవాళ్ళు, అదీ తేడా. ఇప్పుడు పిల్లల లోపలే ఒకడు కూర్చుని తిడుతున్నాడు. ఎవరో నవ్వుతారేమోనని ముందే తామే నవ్వేస్తున్నారు. మాకు ఆ పుస్తకాల మీద ఉన్నది నమ్మకం. యుగంధర్ మద్రాసులో ఎక్కడో నిజంగా ఉన్నాడని, ఉత్తరం రాస్తే జవాబిస్తాడని నమ్మిన స్నేహితుడు నాకు ఉండేవాడు. అలాంటి నమ్మకంతో చదివితేనే కథ ఒంటికి పడుతుంది.

యండమూరి వీరేంద్రనాథ్ గారిది మా కోనసీమే, పుట్టింది రాజోలు. ఆయన తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు నేను చదువు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. పసిపిల్ల మీద చేతబడి. ఒక పక్క మంత్రం, ఇంకో పక్క వైద్యం, హిప్నాటిజం. ఇది చేతబడా, జబ్బా అని నవల పొడుగునా వాదన. అమలాపురం నుంచి వచ్చే బస్సులో పత్రికల కట్ట దిగేది. ఆ రోజు బస్సు దగ్గర చేరేవాళ్ళలో బడిపిల్లలుండేవాళ్ళు, రైతులుండేవాళ్ళు, కాలేజీ లెక్చరరు ఒకాయన ఉండేవారు. రాత్రి పెరట్లోకి ఒంటరిగా వెళ్ళడానికి మీసాలొచ్చిన మగవాళ్ళు భయపడ్డారు. నిమ్మకాయ రోడ్డు మీద కనిపిస్తే సైకిలు పక్కకి తిప్పారు. తులసిదళం అయిపోయింది. తర్వాత అదే పాపని కాస్త పెద్దదాన్ని చేసి ‘తులసి’ అని రెండో కథ రాశారాయన. కాష్మోరా అనే క్షుద్రశక్తి మళ్ళీ లేచింది. మొదటిదే గొప్పదని కొందరు, రెండోదాంట్లోనే అసలు భయం ఉందని కొందరు వాదించుకున్నారు. నా తీర్పు మొదటిదానికే. అయినా రెండోది ఒక్క వారం కూడా వదల్లేదు. ముగింపు తర్వాత వచ్చిన కథ ముగింపంత గొప్పగా ఉండనక్కర్లేదు. ఆ మనుషులతో ఇంకొన్నాళ్ళు గడపడానికి వెళ్తాం అక్కడికి.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వాళ్ళెవరూ మరిచిపోలేదు. గట్లు తెగాయి, లంకలు మునిగాయి, ఊళ్ళకి ఊళ్ళు బడుల్లోకి, గట్ల మీదికి చేరాయి. నేను అప్పటికి మాస్టారిని. మా బడి గదుల్లో కుటుంబాలు తలదాచుకున్నాయి. చుట్టూ నీళ్ళు, కరెంటు లేదు, బస్సుల్లేవు, పత్రికల్లేవు. ఒక కుర్రాడి సంచిలో షాడో నవల ఒకటి దొరికింది, చివరి పేజీలు తడిసి ముద్దయిపోయాయి. రాత్రి లాంతరు పెట్టి చదివి వినిపించాను. షాడో శత్రువుల చేతికి చిక్కిన చోట పుస్తకం ఆగిపోయింది. ‘మాస్టారూ, తర్వాత?’ అని పిల్లలు. తర్వాతది నేను కల్పించి చెప్పాను. ఆ మర్నాటి రాత్రి నేను ఆపిన చోటు నుంచి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అందుకుంది. షాడోని గోదావరిలోకి దింపింది, లంకలో పుట్టి మీద ఎక్కించింది, లాకుల దగ్గర శత్రువుల్ని ముంచేసింది. నీళ్ళు తీసేదాకా అది రాత్రికొకరు చొప్పున నడిచింది. పొలం పోయిన రైతు కూడా గుమ్మంలో కూర్చుని, నా షాడోని నీళ్ళలో అంతసేపు ఉంచకమ్మా అని ఆ పిల్లని బతిమాలాడు. కథ అక్కర ఏమిటో నేను పుస్తకాల్లో కంటే ఆ బడిగదిలో ఎక్కువ తెలుసుకున్నాను.

ఇదంతా మా గోదావరికి కొత్త కాదు. రాజమండ్రిలో ఉండి మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీ మజిలీ కథలు రాశారు, పన్నెండు భాగాలు. కాశీకి పోయే మణిసిద్ధుడికి తోడుగా పశువులు కాసుకునే కుర్రాడు వెళ్తాడు. దారిలో వింత ఏది కనిపిస్తే దాని కథ మజిలీలో చెప్పాలి, చెప్పకపోతే వాడు అడుగు కదపడు. ఒక కథలోంచి ఇంకో కథ, అందులోంచి మరొకటి. వినేవాడు పడుచు కుర్రాడు, చెప్పే కథలన్నీ నమ్మశక్యం కానివి, ప్రయాణం తరగదు. ఈ సీజన్లు, ఎపిసోడ్లు అంటున్నారే, ఆ పద్ధతి అంతా మా ఊళ్ళో అప్పుడే ఉంది. పాతాళభైరవి సినిమాకి విత్తనం పడింది అక్కడే.

అంతెందుకు, కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము చూడండి. 1878లో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. సంఘసంస్కర్త రాసిన నవల, కథ మా ధవళేశ్వరంలో మొదలవుతుంది. అందులో బంగారం చేస్తానని వచ్చి ఉన్న బంగారం ఎత్తుకుపోయే బైరాగి ఉన్నాడు. దొంగల దెబ్బకి చనిపోయిందనుకున్న రుక్మిణి మగవేషంలో తిరిగొస్తుంది. కాశీలో పోయాడని కబురొచ్చిన ఆమె భర్త బతికి వస్తాడు. చచ్చినవాళ్ళు తిరిగిరావడం సిగ్గుపడాల్సిన సంగతైతే పంతులుగారు ఆ పని చేసేవారా? అటు ఇంగ్లండులో కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేసి చేతులు దులుపుకుంటే, పాఠకులు ఊరుకోలేదు. 1903లో మళ్ళీ బతికించాల్సి వచ్చింది. లోయలోంచి ఎలా బయటపడ్డాడో చెప్పిన సంజాయిషీ అంత నమ్మశక్యంగా లేదు. చదివినవాళ్ళు సంతోషంగా నమ్మారు.

కాబట్టి మా మనవరాలి సీరీస్ మీద నాకు కోపం లేదు. రాకెట్టు ఎక్కనీ, ఎలుగుబంటితో కుస్తీ పట్టనీ, 1955కి పోనీ. నా బాధ ఆ చూసే తీరు మీద. ఎపిసోడ్ అయిపోయి పేర్లు పడుతుండగానే తర్వాతది తనంతట తనే మొదలైపోతుంది. ఏమవుతుందో అనుకోవడానికి ఒక్క రాత్రయినా ఖాళీ లేదు. మాకు వారం ఉండేది, చందమామకైతే నెల. ఆ మధ్యకాలంలో కథ మా చేతిలో ఉండేది, మేము దాన్ని పెంచేవాళ్ళం. ఇప్పుడు ఆ నడిమి రోజులు పిల్లల దగ్గర్నుంచి తీసేసుకున్నారు. పైగా ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవుల్లో తీగలు వాళ్ళవి. ఒకే ఇంట్లో అక్కా తమ్ముడూ ఒకే సీరీస్ వేర్వేరు గదుల్లో చూస్తారు, ఒకరు మూడో సీజన్‌లో, ఒకరు అయిదో సీజన్‌లో. కథ గురించి మాట్లాడబోతే “చెప్పెయ్యకు, చెప్పెయ్యకు” అని చెవులు మూసుకుంటారు. చెప్పుకోకుండా కథ ఏం కథ?

ఇంకో బాధ దీనికంటే పెద్దది. మా పిల్లకి దొరికిన ఊరు పేరు రివర్‌డేల్. ఏరు ఉంది, గుట్టుగా వ్యాపారం చేసే పెద్దమనుషులున్నారు, పాత బంగళాలున్నాయి, పదహారేళ్ళ పిల్లలున్నారు. ఇవన్నీ మా దగ్గర లేవా? ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. 1997లో రైళ్ళు ఆపేసిన హేవ్‌లాక్ వంతెన గోదావరి మీద అలాగే ఉంది. పాడుబడ్డ బియ్యం మిల్లులు, లంకలు, వరద రోజుల్లో తప్ప ఎవరూ తెరవని మేడగదులు ఉన్నాయి. ఆ వంతెన మీద ఒక హత్య జరిగి, కాతేరు కుర్రాడు, కొవ్వూరు పిల్ల కలిసి దాని గుట్టు విప్పే కథ తెలుగులో ఏది? చందమామ ఆగిపోయింది. వారపత్రికలు ఒక్కొక్కటే తలుపులు మూసుకున్నాయి. అద్దె పుస్తకాల బల్లలు సెల్‌ఫోన్ రీచార్జి కొట్లయిపోయాయి. చిన్నపిల్లలకి నీతికథలున్నాయి, పెద్దవాళ్ళకి ఏడుపు సీరియళ్ళున్నాయి. పదమూడు నించి పద్దెనిమిదేళ్ళ పిల్లకి తన భాషలో గుండె దడదడలాడించే కథ లేదు. లేనప్పుడు అమెరికా ఊరికి పోక ఏం చేస్తుంది?

మా మనవరాలితో ఒక ఒప్పందం చేసుకున్నాను. రోజుకి ఒక్క ఎపిసోడ్. చూసింది సాయంత్రం డాబా మీద నాకు, వాళ్ళ నాయనమ్మకి తెలుగులో చెప్పాలి. తర్వాత ఏమవుతుందో ముగ్గురం అనుకోవాలి. మొదట్లో మూతి ముడిచింది. ఇప్పుడు వాళ్ళ నాయనమ్మే సాయంత్రం అవ్వగానే “ఆ ఎర్రజుట్టు పిల్ల ఏం చేసిందే?” అని అడుగుతోంది. చెత్త అన్న మాట ఈమధ్య పిల్ల నోట వినలేదు.

తెలుగులో రాసేవాళ్ళకి నా విన్నపం ఒక్కటే. నీతులు మీరు చాలానే రాశారు, ఇక పదిహేనేళ్ళ పిల్లల కోసం ఒక గుట్టు కథ మొదలుపెట్టండి. అది మా గోదావరి గట్టు మీద నడవనివ్వండి. నమ్మశక్యంగా లేదని ఎవరో అంటారని జంకకండి. వారానికి ఒక్క భాగమే ఇవ్వండి. కథ అయిపోయాక పిల్లలు ఇంకా కావాలని ఉత్తరాలు రాస్తే, బెట్టు చేయకుండా రెండో భాగం రాయండి. మొదటి ఉత్తరం మా ఇంటి నుంచే వస్తుంది.